మంచు పొరలకు వయసు కట్టడం: రాడార్ చిత్రాలతో నా అనుభవం

అంటార్కిటికా నడిబొడ్డున డోమ్ సీ అనే చోట, ఎపికా ప్రాజెక్టు కింద ఐరోపా శాస్త్రవేత్తలు 3,270 మీటర్ల లోతు దాకా మంచును తొలిచి ఐస్ కోర్‌ను, అంటే పొడవాటి మంచు కడ్డీని, బయటకు తీశారు. 8 లక్షల ఏళ్ల శీతోష్ణస్థితి చరిత్ర అందులో దొరికింది. మంచుయుగాల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 180 దాకా పడిపోయేదనీ, నడుమ వచ్చిన వెచ్చని కాలాల్లో 240 నుంచి 300 దాకా పెరిగేదనీ అన్నేళ్ల పొడవునా మనకు తెలియజెప్పింది ఆ మంచులో చిక్కుకున్న గాలిబుడగలే. అయితే ఆ చరిత్ర అంతా పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఒకే ఒక్క మంచు కడ్డీది. అక్కడికి నలభై కిలోమీటర్ల అవతల ఫలానా లోతున ఉన్న మంచు ఏ కాలానిది, పూర్వం అక్కడ ఏటా ఎంత మంచు కురిసేది, అడుగున ఇంకా పాత మంచు మిగిలి ఉందా లేక కరిగిపోయిందా అన్న ప్రశ్నలకు ఆ కడ్డీ ఒక్కటే జవాబు చెప్పలేదు. అలాగని ప్రతిచోటా తొలుచుకుంటూ పోవడం ఎవరికీ సాధ్యం కాదు. కోర్ దగ్గర తెలిసిన వయసును పట్టుకుని అడుగు అడుగునా మరో చోటికి మోసుకుపోవడానికి ఉన్న దారి రాడార్. పరిశోధన విద్యార్థినిగా నేను చేసిన పని అదే. విమానాల మీదినుంచి ఇతరులు సేకరించి అందరికీ అందుబాటులో ఉంచిన రాడార్ రికార్డులను తీసుకుని, డోమ్ సీ చుట్టుపక్కల మంచు పొరలను ఒక్కొక్కటిగా గుర్తించి, వాటికి వయసు కట్టాను.

ఈ పనికి ఆధారం రేడియో తరంగాలకు మంచు దాదాపు పారదర్శకం కావడం. 1950ల చివర్లో అమెరికా సైన్యంలో పనిచేసిన అమోరీ వెయిట్, విమానాల ఎత్తు కొలిచే రేడియో తరంగాలు మంచులోకి చొచ్చుకుపోతున్నాయని ప్రయోగాలతో చూపించారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ ధ్రువ పరిశోధన సంస్థలో స్టాన్ ఎవాన్స్ మంచు మందాన్ని కొలవడానికే ప్రత్యేకంగా ఒక రాడార్‌ను తయారుచేశారు. ఆ రోజుల్లో అందరికీ కావలసింది మంచు కింది నేల నుంచి వచ్చే ప్రతిధ్వనే. నేలకూ ఉపరితలానికీ మధ్య, మంచు లోపలినుంచే వరుసగా సన్నని ప్రతిధ్వనులు రావడం వాళ్ల రికార్డుల్లో బయటపడింది. నేను పనిచేసింది ఆ సన్నని ప్రతిధ్వనుల మీదే.

మంచులో రేడియో తరంగం సెకనులో పది లక్షలవ వంతు కాలంలో సుమారు 168 మీటర్లు ప్రయాణిస్తుంది. మూడు కిలోమీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి దానికి పట్టేది దాదాపు 36 మైక్రోసెకన్లు. రాడార్ నిజానికి కొలిచేది ఈ కాలాన్నే. లోతు అనేది మనం లెక్కకట్టి చెప్పేది. పైన వంద మీటర్ల వరకు ఉండేది ఇంకా గట్టిపడని మంచు. దాన్ని ఫిర్న్ అంటారు. అందులో గాలి ఎక్కువగా ఉంటుంది కాబట్టి తరంగం వేగంగా పోతుంది. అంతటినీ గట్టి మంచుగానే భావించి లెక్క వేస్తే లోతు ఓ పది మీటర్లు తక్కువగా వస్తుంది. మూడు వేల మీటర్లలో పది మీటర్లు ఎంతలే అని మొదట్లో ఎవరికైనా అనిపిస్తుంది. వయసుల దగ్గరికి వచ్చేసరికి ఆ పది మీటర్ల విలువ తెలుస్తుంది.

మంచు లోపల తరంగాన్ని వెనక్కి తిప్పేవి ముఖ్యంగా మూడు. పై కొన్ని వందల మీటర్లలో సాంద్రతలోని తేడాలు. ఇంకా లోతున అగ్నిపర్వతాలు వెదజల్లిన ఆమ్లం వల్ల విద్యుత్ వాహకతలో వచ్చే తేడాలు. మరీ లోతున మంచు స్ఫటికాలు ఒకే దిక్కుకు మళ్లి ఉండటం. వయసు కట్టే పనికి వీటిలో రెండోది ప్రాణం. ఒక పెద్ద అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన గంధకపు ఆమ్లం ఏడాది రెండేళ్లలోపే ఎంతో విస్తీర్ణంలో మంచు మీద వాలుతుంది, తర్వాత కురిసిన మంచు కింద పూడుకుపోతుంది. అందుకే రాడార్‌లో కనిపించే అలాంటి పొర, ఒకచోట ఏడు వందల మీటర్ల లోతున ఉన్నా మరోచోట వెయ్యి మీటర్ల లోతున ఉన్నా, అంతటా ఒకే వయసుది. ఈ ఒక్క సంగతి లేకపోతే నా పనికి పునాదే లేదు. పశ్చిమ అంటార్కిటికాలో ఇందుకు చక్కటి ఉదాహరణ ఒకటుంది. అక్కడ విస్తారమైన ప్రాంతంలో కనిపించే బలమైన రాడార్ పొర ఒకదాని వయసు సుమారు 17,500 ఏళ్లని 2005లోనే అంచనా వేశారు. సుమారు 17,700 ఏళ్ల కిందట టకాహే అగ్నిపర్వతం దాదాపు రెండు శతాబ్దాల పాటు పదేపదే పేలిన ఆనవాళ్లు తర్వాత ఐస్ కోర్ రసాయన పరీక్షల్లో బయటపడ్డాయి. ఒకే సంఘటన గురించి రాడారూ, రసాయనశాస్త్రమూ వేర్వేరుగా ఇచ్చిన సాక్ష్యాలు ఇంత దగ్గరగా కలవడం చదివినప్పుడే నాకు ఈ పని మీద నిజమైన నమ్మకం కుదిరింది.

రాడార్ రికార్డును తెర మీద తెరిస్తే కనిపించేది నలుపు తెలుపు చిత్రం. అడ్డంగా విమానం ప్రయాణించిన దూరం, నిలువుగా ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలం, నలుపు తెలుపుల తీవ్రతలో ప్రతిధ్వని బలం. పైన ఉపరితలపు గీత దళసరిగా ఉంటుంది. అట్టడుగున కొండలతో లోయలతో నేల గీత ఉంటుంది. మధ్యలో పదుల కొద్దీ సన్నని గీతలు, కొండల మీద దుప్పటి పరిచినట్టు, నేల ఎత్తుపల్లాలను అనుసరిస్తూ, పైకి వచ్చేకొద్దీ చదునవుతూ సాగుతాయి. మొదటిసారి చూసినప్పుడు ఆ క్రమానికి ఆశ్చర్యపోయి పని మరిచిపోవడం సహజం. అయితే అందులోని ప్రతి గీతా మంచు పొర కాదు. విమానం పంపిన తరంగం మంచు ఉపరితలాన్ని తాకి, విమానం దగ్గరికి వచ్చి, మళ్లీ ఉపరితలానికి వెళ్లి తిరిగి వస్తే చిత్రంలో ఇంకో గీత పుడుతుంది. విమానం 500 మీటర్ల ఎత్తున ఎగురుతుంటే ఆ దొంగ గీత దాదాపు 280 మీటర్ల లోతున నిజమైన పొరలాగే కనిపిస్తుంది. దాన్ని పట్టుకునే ఉపాయం ఒకటే: విమానం పైకి లేచినప్పుడల్లా అది కిందికి దిగుతుంది, విమానం దిగినప్పుడు పైకి లేస్తుంది. మంచు పొరకు విమానం ఎత్తుతో నిమిత్తం లేదు. అందుకే ఏ గీత జోలికీ పోకముందు విమానం ఎత్తును చూపే వక్రాన్ని చిత్రం పక్కనే పెట్టుకుని, దొంగ గీత ఎక్కడెక్కడ పడుతుందో ముందుగానే గుర్తుపెట్టుకునేదాన్ని.

అసలు ముడి పడేది కోర్ దగ్గర. కోర్ తీసిన బావికి వీలైనంత దగ్గరగా వెళ్లిన విమాన రేఖను ఎంచుకుని, అక్కడ ప్రతి పొర లోతును లెక్కకట్టి, కోర్ మీద ప్రయోగశాలలో కొలిచిన విద్యుత్ వాహకత వక్రంతో పోల్చాలి. చెప్పడానికి సులువే. చేసేటప్పుడు మాత్రం రెండు కొలతలూ ఒకే భాషలో మాట్లాడవు. కోర్ మీద కొలత సెంటీమీటర్లలో ఉంటుంది. ఆ ప్రాంతంలో విరివిగా ఎగిరిన టెక్సస్ విశ్వవిద్యాలయపు రాడార్ 60 మెగాహెర్ట్జ్ చుట్టూ 15 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో పనిచేస్తుంది. అది మంచులో అయిదారు మీటర్ల కంటే సన్నని తేడాను విడదీసి చూపలేదు. అంటే రాడార్‌లో ఒక్క గీతగా కనిపించేది కోర్‌లో రెండు మూడు ఆమ్ల శిఖరాల కలయిక కావచ్చు. అందువల్ల ‘ఈ గీత ఫలానా పేలుడుది’ అని పేరు పెట్టడం కన్నా, ‘ఈ గీత ఈ లోతునుంచి ఈ లోతు లోపల ఉంది, ఆ లోతులో కోర్ చెప్పే వయసు ఇది’ అని రాసుకోవడమే నిజాయితీ గల పద్ధతని నేను గట్టిగా నమ్ముతాను. పేరు పెట్టిన గీత చూడటానికి బాగుంటుంది కానీ, పేరు తప్పయితే దాని వెంట నడిచే వందల కిలోమీటర్ల లెక్క అంతా తప్పుతుంది.

ముడి పడ్డాక గీతను వెంబడించడం మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ కొంత సాయం చేస్తుంది. ఒకచోట గీత మీద గుర్తు పెడితే, పక్క పక్క రికార్డుల్లో అత్యధిక బలం ఎక్కడుందో చూసుకుంటూ అది తనంతట తాను ముందుకు సాగుతుంది. మంచు ప్రశాంతంగా ఉన్నచోట గీత పదుల కిలోమీటర్లు ఏ అడ్డూ లేకుండా నడుస్తుంది. కింద నిటారైన కొండ వచ్చిన చోట పరీక్ష మొదలవుతుంది. పొర వాలు పెరిగేకొద్దీ పక్కపక్క రికార్డులను కలిపి సగటు తీసే ప్రక్రియలో ప్రతిధ్వనులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, గీత వెలిసిపోయి, పూర్తిగా మాయమవుతుంది. అక్కడ పొర లేదని కాదు, రాడార్‌కు కనబడటం లేదని మాత్రమే. కొండ దాటాక గీతలు మళ్లీ తేలుతాయి. అవతల తేలిన వాటిలో మనది ఏది? ఈ ప్రశ్న దగ్గర నేను గడిపినంత కాలం ఈ పనిలో ఇంకెక్కడా గడపలేదు.

ఒకచోట నాలుగు గీతల గుంపులో పైనుంచి రెండోదాన్ని పట్టుకుని వస్తున్నాను. ఆ నాలుగింటిలో మూడోది మిగతావాటికన్నా దళసరి, మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఎడం ఎక్కువ. కొండ అవతల తేలిన గీతల్లో ఇదే అమరిక వెతికితే ఒకటి కాదు, రెండు గుంపులు సరిపోయేలా కనిపించాయి. ఒకదానికొకటి నలభై మీటర్ల తేడా. చూపుకు మొదటిదే సహజంగా అనిపించింది. కానీ పైన కిందా ఇంతకుముందే నిర్ధారించుకున్న పొరల మధ్య దూరాల నిష్పత్తి తీసి చూస్తే, మొదటి గుంపును ఒప్పుకుంటే కొండ అవతల ఆ కాలపు మంచు ఉన్నట్టుండి పలచబడి, దాని కిందిది ఉన్నట్టుండి మందమైనట్టు అర్థం వస్తుంది. రెండో గుంపుతో అన్ని పొరలూ ఒకే తీరులో పలచబడుతున్నాయి. అయినా దాన్ని వెంటనే ఖాయం చేయలేదు. మా మార్గదర్శి మొదటినుంచీ చెప్పే మాట ఒకటే: “కనిపించింది గీయమ్మా, ఉండాలి అనుకున్నది గీయకు.” కొండను చుట్టి వెళ్లే మరో విమాన రేఖ ఉంటే వెతికి, దాని మీదుగా అదే పొరను అవతలి వైపుకు తీసుకెళ్లాను. రెండు దారులూ రెండో గుంపు దగ్గరే కలిశాయి. అప్పుడు గీత కలిపాను. చుట్టుదారి లేనిచోట మాత్రం గీతను కొండకు ఇవతలే ఆపేసి, అవతల ఖాళీ వదిలాను. ఆ ఖాళీలు నా పటంలో చాలానే ఉన్నాయి. వాటిని పూరించి ఉంటే పటం నిండుగా ఉండేది గానీ, దాన్ని వాడుకునేవాళ్లకు ఏది చూసి రాసినది, ఏది ఊహించి రాసినది తెలిసేది కాదు.

విమాన రేఖలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఈ పనికి అసలైన న్యాయస్థానం. అక్కడ రెండు రేఖల మీద విడివిడిగా గుర్తించిన ఒకే పొర ఒకే లోతున రావాలి. కొన్ని మీటర్ల తేడా రాడార్ పరిమితిలోకి వస్తుంది. అంతకు మించితే గీత మధ్యలో ఎక్కడో పక్కదానిమీదికి దూకిందన్నమాట, వెనక్కి నడిచి వెతకాలి. రేఖల వల ఎంత దగ్గరగా ఉంటే అంత నమ్మకం. డోమ్ సీనుంచి, మరో లోతైన కోర్ తీసిన వోస్తోక్ దాకా ఐదారు వందల కిలోమీటర్ల మేర పొరలను ఇలాగే కలిపి, రెండు కోర్ల కాలగణనలు ఎంతవరకు ఏకీభవిస్తాయో పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులో వయసులు రెండు చివరలా సరిపోలడం చూశాకే నాకు నా చిన్న వల మీద కూడా ధైర్యం కలిగింది. పాత రికార్డుల విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. 1967నుంచి 1979 వరకు బ్రిటన్, అమెరికా, డెన్మార్క్ సంస్థలు కలిసి నాలుగు లక్షల కిలోమీటర్లకు పైగా ఎగిరి, రాడార్ ప్రతిధ్వనులను సినిమా ఫిల్ము మీద నమోదు చేశాయి. ఆ ఫిల్ములను జాగ్రత్తగా దాచిపెట్టి, యాభై ఏళ్ల తర్వాత స్కాన్ చేసి అందరికీ అందించినవారికి ఈ రంగం ఎంతో రుణపడి ఉంది.

లోతును వయసుగా మార్చడం ఒక పట్టిక చూసుకునే పని లాగా ఉంటుంది. నేను దానికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఆ వయసు ఎంత అటూ ఇటూ కావచ్చన్న లెక్క మీద. డోమ్ సీ దగ్గర ఏడాదికి కురిసే మంచును గట్టి మంచుగా లెక్కిస్తే రెండున్నర, మూడు సెంటీమీటర్లకు మించదు. పైభాగాన అయిదు మీటర్ల పొరపాటు రెండు వందల ఏళ్ల పొరపాటుతో సమానం. లోతుకు పోయేకొద్దీ పైమంచు బరువుకు పొరలు నలిగి పక్కలకు సాగి పలచబడతాయి. ఆ కోర్‌లో పై 1,700 మీటర్లలో ఉన్నది సుమారు 1.3 లక్షల ఏళ్ల చరిత్ర. మిగతా ఆరున్నర లక్షల ఏళ్లకు పైగా చరిత్ర దాని కింది 1,500 మీటర్లలో ఇమిడి ఉంది. కనుక అవే అయిదు మీటర్లు అట్టడుగున వేల ఏళ్లు, కొన్నిచోట్ల పదుల వేల ఏళ్లు అవుతాయి. ఫిర్న్ సవరణలోని పది మీటర్లను తేలిగ్గా తీసుకోకూడదన్నది ఇందుకే. ప్రతి పొరకూ వయసుకు ఒక అంకె, దాని పక్కన రాడార్ పరిమితి, తరంగ వేగం, కోర్ కాలగణన అనే మూడు అనిశ్చితులకు విడివిడిగా మూడు అంకెలు రాశాను. వాటన్నిటినీ కలిపి ఒకే అంకెగా ఇవ్వమని కొందరు సలహా ఇచ్చారు. కోర్ కాలగణన మెరుగుపడినప్పుడల్లా ఒక్క అంకెను మార్చి మిగతావి నిలుపుకోవచ్చు కాబట్టి, విడిగా ఉంచడమే మేలనిపించింది.

ఇంతా చేసి రాడార్ శీతోష్ణస్థితి గురించి ఏం చెబుతుంది? ఉష్ణోగ్రతను అది నేరుగా చెప్పదు. ఆ పని కోర్‌లోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులది, అంటే ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న పరమాణువులది. రాడార్ చెప్పేది మంచు ఎంత కురిసిందన్న సంగతి. వయసు తెలిసిన రెండు పొరల మధ్య మందాన్ని తీసుకుని, నలగడం వల్ల తగ్గిన మందాన్ని లెక్కకట్టి సవరిస్తే, ఆ కాలంలో ఏటా సగటున ఎంత మంచు పేరుకుందో వస్తుంది. మంచుయుగపు పొరల్లో ఆ మొత్తం ఇప్పటిలో సుమారు సగానికి పడిపోవడం కోర్ దగ్గర ముందే తెలిసిన విషయం. అదే తగ్గుదలను నేను గీసిన పొరల్లో, కోర్‌కు దూరంగా, నా లెక్కలోనే చూడటం నాకు మాటల్లో పెట్టలేనంత సంతోషాన్నిచ్చింది. సముద్రం వైపు వాలు మీద మంచు ఎక్కువగా, లోపలి వాలు మీద తక్కువగా పేరుకోవడం, ఆ తీరు వేల ఏళ్లపాటు పెద్దగా మారకపోవడం కూడా కనిపించాయి. తేమను మోసుకొచ్చే గాలుల దారి అంతకాలం ఒకేలా ఉందనడానికి ఇది సాక్ష్యం. ఒక్క కోర్ ఎంత లోతైనదైనా ఈ మాట చెప్పలేదు.

అడుగుభాగం గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి చూపూ అక్కడే ఉంది. సుమారు పన్నెండు లక్షలనుంచి తొమ్మిది లక్షల ఏళ్ల కిందటి మధ్యకాలంలో, మంచుయుగాల లయ 41 వేల ఏళ్లనుంచి దాదాపు లక్ష ఏళ్లకు మారింది. ఎందుకు మారిందో తేల్చాలంటే ఆ కాలపు గాలి కావాలి. అది ఉండగలిగేది అతి పాత మంచులోనే. మంచు ఎంత మందంగా ఉంటే అంత పాతది దొరుకుతుందని అనుకుంటాం కానీ, మరీ మందమైన మంచు కింది భూమి వేడిని బయటికి పోనివ్వదు. అడుగు కరిగి, అన్నిటికన్నా పాత మంచే ముందుగా నీరైపోతుంది. కాబట్టి మరీ మందం కాని, అడుగు చల్లగా ఉన్న, పొరలు చెదరని చోటు కావాలి. అలాంటి చోటును రాడార్ రేఖల వలతోనే వెతికి, డోమ్ సీకి నలభై కిలోమీటర్ల లోపున లిటిల్ డోమ్ సీని ఎంచుకున్నారు. ఎపికాకు కొనసాగింపైన బియాండ్ ఎపికా బృందం 2025 జనవరిలో అక్కడ 2,800 మీటర్ల లోతున నేలను తాకింది. పై 2,480 మీటర్లలో కనీసం 12 లక్షల ఏళ్ల చరిత్ర ఉందని, అడుగున ఒక్క మీటరులో 13 వేల ఏళ్ల దాకా ఇమిడి ఉన్నాయని ప్రకటించింది. నేలకు ఆనుకుని ఉన్న చివరి 210 మీటర్ల మంచు మాత్రం బాగా వికృతి చెందినదని, దాని పుట్టుక తేలలేదని చెప్పింది. ఆ అట్టడుగు భాగం మిగతా మంచులా ఉండదని అక్కడి రాడార్ చిత్రాలు తొలవక ముందే సూచించాయి.

నేను గీసిన రేఖల్లోనూ అడుగున పొరలు ఒక్కొక్కటిగా మసకబారి, నేలకు కొన్ని వందల మీటర్ల పైనే చూపు ఆగిపోతుంది. అక్కడ కూడా ఏదో ఒక సన్నని నీడను పట్టుకుని కిందికి దిగాలన్న ఆశ కలుగుతుంది. గ్రీన్‌లాండ్‌లో జరిగింది తెలిసినవారు ఆ పని చేయరు. 1990లలో అక్కడ ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో గ్రిప్, గిస్ప్-2 అనే రెండు కోర్లు తీశారు. పైనుంచి తొంభై శాతం దాకా రెండూ ఒకే కథ చెప్పాయి, చివరి పది శాతంలో విడిపోయాయి. నేలకు దగ్గరగా మంచు మడతలు పడి పొరల వరుస తారుమారు కావడమే అందుకు కారణం. పొరలు కనబడనిచోట రాడార్ మడతను కూడా చూపలేదు. అందుకే నా పట్టికలో ప్రతి రేఖకూ చివరి గడి వయసుది కాదు. నమ్మకంగా గుర్తించిన ఆఖరి పొరకూ నేలకూ మధ్య ఇంకా ఎన్ని మీటర్ల మంచు మిగిలి ఉందో చెప్పే గడి. తొలిచేవాళ్లు నా పనిలో మొదట అడిగింది ఆ గడినే. ఆ మీటర్లలో ఏముందో తెలియాలంటే అదే చోట తరంగపు దిశను మార్చి మార్చి పంపి స్ఫటికాల అమరికను చదవగలిగే రాడార్‌ను మంచు మీదే నిలిపి కొలవాలి. ఆ కొలతలు ఎక్కడెక్కడ ముందుగా చేయాలో చూపే జాబితాను ఆ ఖాళీల ఆధారంగానే తయారుచేసి ఇచ్చాను.